క అంటే కొండచిలువ

నవ్వనని ముందుగాల ఒట్టు పెట్టుండ్రి, అప్పుడే చెప్త.

మొన్న గురువారం చిక్కడ్‌పల్లిల మా బిల్డింగ్ మొత్తం ఖాళీ అయిందని విన్నరు గద? ఇరవై నాలుగు ఫ్లాట్ల జనం. పొయ్యి మీద కుక్కర్లు పొయ్యి మీదనే. కొందరికి కాళ్లకు చెప్పులు గూడ లేవు. అందరు రోడ్డు మీద నిలబడ్డరు. ఆ ఘనకార్యం చేసింది ఎవరనుకుంటున్నరు? నేనే! చేసిన సంగతి నాకే తెల్వక, ఆ మందిల అందరికంటె ఎక్కువ ఏడ్చింది గూడ నేనే.

మొదటికెళ్లి చెప్త, ఆగుండ్రి.

నేను నారాయణగూడల ఒక స్కూల్ల మూడో తరగతికి తెలుగు చెప్తనని మీకు తెలుసు గద. ఈసారి మా హెడ్ మేడం కొత్త ఐడియా తీసింది. ఒక్కో క్లాసుకు ఒక్కో అక్షరం. ఆ అక్షరంతోని పేరు మొదలయ్యే అడవి జంతువులను బొమ్మలు చేసి పెట్టాలె, పిల్లలు వాటి గురించి చెప్పాలె. రెండో తరగతికి ‘న’ వచ్చింది. నక్క, నెమలి, నీటికుక్క. నాలుగో తరగతికి ‘మ’. మొసలి, ముంగిస, ముళ్లపంది. మాకు ‘క’.

"క తోని అడవి జంతువుల పేర్లు చెప్పుండ్రిరా" అంటే మా పోరగాళ్లు ఒక్కసారె లేచిండ్రు. "కుక్క టీచర్! కోడి టీచర్! కాకి టీచర్!"

"అడవిల ఉండేయి చెప్పుండ్రి."

"కాకి అడవిల ఉండదా టీచర్?"

ఏం చెప్తం? ఉంటది మరి.

సరె, నేనూ, నాతోటి టీచర్ సుజాతా కూర్చొని లిస్టు రాసినం. కణుజు, అంటె ఒక తీరు పెద్ద జింక. పులి కనవడ్తె అది ఉత్తగ ఉరకదంట, కాలు నేలకేసి కొట్టి, గొంతు చించుకొని అరిచి, అడవంత చెప్తదంట. కొండగొర్రె. దానికి నాలుగు కొమ్ములు! రెండు చెవుల కాడ, రెండు నొసటి మీద. మా పిల్లలు దానికి ఫిదా అయిండ్రు. కృష్ణజింక. కొండముచ్చు. ఇగ అన్నిటికంటె పెద్దది, కొండచిలువ. దానికి విషం ఉండదు, చుట్టుకొని బిగవడ్తది. గుడ్లు పెట్టినంక తల్లి వాటి చుట్టు చుట్టుకొని, ఒళ్లు వణికించి వణికించి వాటికి వెచ్చదనం ఇస్తదంట. ఇది చదివినప్పుడు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. పాము గూడ తల్లే గద!

కొండముచ్చు బొమ్మ సుజాత చేస్తనంది. కొండచిలువ నా మెడకు చుట్టుకుంది.

పాత సోఫా కవర్లు కుట్టిన. ఎనిమిది ఫీట్లు చేద్దామనుకున్న, కుట్టుకుంట పోతె పన్నెండు ఫీట్లయింది. లోపల కుక్కనీకి పత్తి సరిపోలె. మా ఆయన పాత పైజామాలు, చినిగిన టవల్లు, దొరికింది దొరికినట్టు పొట్టల కుక్కిన. బుధవారం పొద్దుమీకి కలర్లు వేసి, మచ్చలు పెట్టి, మంచం మీద ఆరేసిన. మా అత్తమ్మకు పామంటె చచ్చేంత భయం. టీవీల కనవడ్డా కాళ్లు పైకి పెట్టుకుంటది. అందుకే బెడ్రూం తలుపు దగ్గరకేసి, ఆమెకు సప్పుడు గూడ రానియ్యలె.

తెల్లారి ఏడు గంటలకు, ఒక చేతిల బ్రష్, ఒక చేతిల ఫోన్. సుజాతకు ఒక వాయిస్ పెడ్దామని ఆమె పేరు మీద వేలు పెట్టబోయిన. సరిగ్గ అప్పుడే మా బిల్డింగ్ గ్రూపుల ఎవరో "నీళ్లు వస్తలేవు" అని మెసేజ్ పెట్టిండ్రు. సుజాత పేరు కిందికి జారింది, గ్రూపు పైకెక్కింది. నా వేలు పోయి గ్రూపు మీద పడ్డది. నేను చూసుకోలే. చెప్పాల్సింది అంత చెప్పి, పంపి, ఫోన్ బ్యాగుల పడేసిన.

ఎనిమిదింటికి ఆ బొమ్మను పెద్ద సంచిల కుక్కుకొని ఆటోల స్కూలుకు వట్టుకపోయిన. పోయేటప్పుడు అత్తమ్మ అడిగింది, "గంత పెద్ద సంచి ఏందే? జర ఛాయ్ తాగి పో."

"అన్ని నీకు చెప్పాల్నా అత్తమ్మా? టైం అయితుంది, అడ్డం జరుగు!" అన్న.

గట్ల అనకుంటె ఎంత మంచిగుండు.

స్కూల్ల ఫోన్లు స్టాఫ్ రూంల అల్మారల పెట్టాలె. అది రూలు. నేను పొద్దంత గోడకు తాళ్లు కట్టి, కొండచిలువను వేలాడదీసి, పిల్లలతోని మాటలు వల్లె వేయించుకుంట కూర్చున్న. పన్నెండు ముప్పావుకు లంచ్‌కు పోయి అల్మార తీస్తె, ఫోన్ ఒకటే వణుకుడు. నలభై మూడు మిస్డ్ కాల్స్! ఛార్జింగ్ రెండు పర్సెంట్.

ఎత్తిన. మా ఎదురు ఫ్లాట్ విమలక్క.

"సరళా! ఎక్కడ సచ్చినవే! బిల్డింగ్‌ల కొండచిలువ! అందరం కింద ఉన్నం. మీ అత్తమ్మ ఒక్కతే పైన ఉంది, తలుపు తీస్తలేదు!"

"కొండచిలువనా? ఎట్లొచ్చింది అక్కా?"

"ఎట్లొచ్చిందా? నువ్వే..."

ఫోన్ ఆఫ్.

మీరంటరు, నీ గుడ్డ పాము యాదికి రాలేదా అని. ఎట్లొస్తది చెప్పుండ్రి? అది నా కండ్ల ముంగట క్లాసుల గోడకు వేలాడుతుంది! ఇంట్ల ఉన్నది వేరేది. నిజందే అయి ఉంటది. పోయిన వారం వానలకు నాలాలు పొంగినయ్ గద, లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు పాము కొట్టుకొచ్చిందని అందరు అనుకున్నరు. అదే మా డ్రైనేజీలకెళ్లి పైకెక్కింది అనుకున్న. ‘నువ్వే’ అంటె, నువ్వే జల్ది రా అంటుందేమో అనుకున్న.

హెడ్ మేడంకు చెప్పిన్నో లేదో యాదికి లేదు. గేటు బయట పడ్డ. ఆటో ఎక్కిన.

"చిక్కడ్‌పల్లి, అన్నా! ఎంతన్న తీస్కో, ఉరికియ్యి!"

ఆటో అన్న అద్దంల నన్ను చూసిండు. "అటు దిక్కేనా అక్కా? అక్కడ ఏదో బిల్డింగ్‌ల పన్నెండు ఫీట్ల కొండచిలువ దూరిందట. మా స్టాండ్ గ్రూపుల వచ్చింది."

పన్నెండు ఫీట్లు! నా బొమ్మంత పొడుగు! అయినా నా మట్టి బుర్రకు తట్టలె. పైగ ఇంక భయమైంది, నేను కొలిచి కుట్టిన గద, పన్నెండు ఫీట్లంటె ఎంతుంటదో నాకు మంచిగ తెలుసు. మా హాల్ ఈ మూలకెళ్లి ఆ మూల దాక ఉంటది.

నారాయణగూడ చౌరస్తల మెట్రో కింద బండ్లన్ని ఆగిపోయినయ్. ఒక్క అంగుళం కదుల్తలేదు. "గల్లీలకెళ్లి అశోక్‌నగర్ మీదికెళ్లి తీస్కపోత అక్కా" అని తిప్పిండు. అక్కడ ఇంకో కథ. సర్కారు నౌకరి పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు పుస్తకాలు చంకల పెట్టుకొని ఛాయ్ బండి కాడ నిండుగ ఉన్నరు. ఎదురుంగ నీళ్ల ట్యాంకర్ అడ్డమొచ్చి మా ఆటో ఆగింది. ఆ బండి కాడ గూడ ఇదే ముచ్చట!

"అరె, అడవి జంతువుల చట్టంల కొండచిలువ ఏ షెడ్యూల్‌ల వస్తది రా?"

"వన్‌ల. చంపితె జైలే."

"ఇది గ్యారంటీగ కరెంట్ అఫైర్స్‌ల అడుగుతరు, రాసిపెట్టుకో. రెండు ఉన్నయంట. గుడ్లు గూడ పెట్టినయంట."

గుడ్లు! నాకు ఏడుపు ఆగలె. గుడ్లున్న తల్లి పాము కాడికి ఎవరన్న పోతె ఊకుంటదా? చుట్టుకొని వణుకుతదని నేనే గద పిల్లలకు చెప్పిన! ఎక్కడ చుట్టుకొని ఉంది? అత్తమ్మ మంచం కిందనా? పిల్లలు బడిల ఉన్నరు, ఇంట్ల ఆమె ఒక్కతే. ఆమెకు బీపీ. గోలి వేసుకుందో లేదో. పొద్దుగాల ఆమెతోని నేనన్న ఆఖరి మాట ‘అడ్డం జరుగు’. ఎనిమిదేండ్ల సంది నా పిల్లలకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి. ఛాయ్ తాగి పో అంటె నేను అట్లనా అనేది?

ఒక పిల్లగాడు నన్ను చూసి దగ్గరికి వచ్చిండు. "ఏమైందక్కా? ఎందుకేడుస్తున్నరు?"

"ఆ పాము మా బిల్డింగ్‌లనే తమ్ముడూ. మా అత్తమ్మ లోపలుంది."

వాడు పాపం ధైర్యం చెప్దామనుకున్నడు. "పరేషాన్ కాకుండ్రి అక్కా. కొండచిలువకు విషం ఉండదు. ఉత్త బిగవడ్తది, గంతే."

ఉత్త బిగవడ్తదంట! ఈ మాట నేను మా క్లాసుల పదిసార్లు నవ్వుకుంట చెప్పిన. పిల్లలు ఎట్ల విన్నరో ఏమో గనీ, నాకు మాత్రం ఊపిరాడలె.

ఆ పిల్లలే నలుగురు కలిసి ట్యాంకర్ వెనకకు కొట్టించి, మా ఆటోకు దారి ఇచ్చిండ్రు. వాళ్లు చల్లగుండాలె.

మా గల్లీకి వచ్చేసరికి ఇసుకేస్తె రాలనంత మంది. ముషీరాబాద్ దిక్కుకెళ్లి గూడ చూడనీకి వచ్చిండ్రట. బిల్డింగ్ కింద మా అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకటేశం సార్, చేతిల కర్ర పట్టుకొని, అందరిని వెనకకు జరుపుతుండు. గోడ కాడ నిచ్చెన. నిచ్చెన మీద ఒకామె, ముప్పై ఏండ్లుంటయ్, ప్యాంటు షర్టు వేసుకొని, చేతిల కొక్కెం ఉన్న పొడుగు రాడ్డు. పాములు పట్టే ఆమె అంట, పేరు స్వప్న. మా బాల్కనీలకు ఎక్కబోతుంది.

నన్ను చూసి మంది మొత్తం దారి ఇచ్చిండ్రు. ఒకామె నా చెయ్యి పట్టుకొని, "నీకు భయం కాలేదా తల్లీ?" అంది.

"భయం కాకుంటె ఎట్ల? మా అత్తమ్మ ఏది?" అన్న.

విమలక్క ఉరికొచ్చింది. "ఆమె బాత్రూంల గడి పెట్టుకుంది. మేము తలుపు కొట్టి, మీ బెడ్రూంల కొండచిలువ ఉంది అని చెప్పినం. బయటికి రమ్మంటె, బెడ్రూం దాటి ఎట్ల రావాలె అని అటే బాత్రూంలకు పోయింది. మెయిన్ డోర్ గూడ లోపలికెళ్లి గడియనే. గంటన్నర అయింది."

"మా బెడ్రూంలనా!" అని నేను అక్కడనే కింద కూలవడ్డ. ఎవరో నీళ్లు తాపిండ్రు.

స్వప్న నిచ్చెన మీదికెళ్లే అడిగింది. "మేడం, మీరేనా దాన్ని చూసింది? ఇంక తడిగనే ఉందా?"

"తడేంది? నేనేం చూడలె. నేను స్కూల్ల ఉన్న."

"పొట్ట లావుగుందన్నరు గద. ఏం మింగింది?"

"నాకేం ఎరుక!"

"మరి లోపల ఏమేసిన్నో తెలిస్తె నవ్వుతవ్ అన్నరు?"

మందిల గుసగుసలు. వెంకటేశం సార్ నా దిక్కు అనుమానంగ చూసిండు. "అమ్మా సరళా, ఇప్పుడు దాచిపెట్టి ఏం లాభం? పెంచుతుంటె పెంచుతున్నమని చెప్పు. కేసు అయితది గనీ, ప్రాణాల కంటె ఎక్కువనా?"

"నేను పామును పెంచుడేంది సార్! ఏం మాట్లాడుతున్నరు?" నాకు కోపమొచ్చింది. ఏడుపు, కోపం రెండు ఒక్కసారే. "ఇంట్ల ముసలామె చిక్కుకొని ఉంటె, ఎవరో ఏదో అన్నరని నన్ను అంటరా? ఎవరు చెప్పిండ్రు మీకు? వాళ్లను పిలువుండ్రి నా ముంగటికి!"

"పొద్దుగాల నీళ్ల లొల్లిల ఎవరు వినలె, పదకొండు దాటినంక విన్నం" అన్నడు సార్. కండ్లద్దాలు పెట్టుకున్నడు. ఫోన్ తీసిండు. సౌండ్ ఫుల్లు పెట్టి, చెయ్యి పైకెత్తి వినిపించిండు.

"సుజాతా, గుడ్ మార్నింగ్! కొండచిలువ రాత్రంత మా బెడ్రూంలనే ఉంది, మంచం మీద. పన్నెండు ఫీట్లయింది తెలుసా! ఆయన దాని పక్కనే పడుకున్నడు, పాపం ఏమనలె. పొట్ట మస్తు లావైంది, లోపల ఏమేసిన్నో తెలిస్తె నవ్వుతవ్. ఇంక తడి ఆరలె, ఫ్యాన్ కింద పెట్టిన. అత్తమ్మకు చెప్పలె, గుండె ఆగుతది. సరె గనీ, నువ్వు కొండముచ్చును తీస్కొస్తున్నవ్ గద? తోక జర గట్టిగ పట్టుకో, ఊడొస్తది!"

నా గొంతే. ఆఖరుకు ఆ నవ్వు గూడ నాదే.

ఎండల నిలబడ్డ మనిషికి చలి పుడ్తదని నాకు అప్పుడే తెలిసింది. భూమి విచ్చుకపోతె అండ్ల దూరుదామనుకున్న. వందమంది నన్నే చూస్తుండ్రు. "సార్..." అన్న. "సార్, అది గుడ్డది సార్. బొమ్మ. సోఫా కవర్లు. స్కూల్ల ఉంది."

ఒక నిమిషం ఎవరికీ సమజ్ కాలె. తర్వాత ముందుగాల నవ్వింది స్వప్ననే. నిచ్చెన పట్టుకొని, ఊగి ఊగి నవ్వింది. మంది అందుకున్నరు. కొందరు తిట్టిండ్రు గూడ, అబద్ధం ఎందుకు చెప్పాలె. కుక్కర్ మాడిన ఇద్దరు ముగ్గురు నన్ను మంచిగనే దులిపిండ్రు. వెంకటేశం సార్ మాత్రం, "అయితె కొండముచ్చు గూడ రాదా?" అని అడిగిండు. దాని కోసం గేటు కాడ ఇద్దరిని కావలి పెట్టిండట!

నాకు అవేవి చెవులకు ఎక్కుతలేవు. పైకి ఉరికిన. మా బాత్రూం కిటికీ కారిడార్ దిక్కు ఉంటది, చిన్నది, పైన. స్టూలు వేసుకొని ఎక్కి పిలిచిన.

"అత్తమ్మా! నేను, సరళను. బయటికి రా, పాము లేదు ఏం లేదు!"

లోపలికెళ్లి సన్నటి గొంతు. "నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? పో, కిందికి పో."

"అయ్యో, అది ఉత్తదే అత్తమ్మా! గుడ్డ బొమ్మ. నేనే చేసిన."

"నన్ను బయటికి తెచ్చేటందుకు అబద్ధం చెప్తున్నవ్. నాకు తెల్వదా? వాళ్లు వినిపించిండ్రు తలుపు కాడ, నీ గొంతు నేను విన్న. నువ్వు లోపలికి రాకు. నీకు ఇద్దరు పిల్లలున్నరు. నాదేముంది, అరవై తొమ్మిదేండ్లు బతికిన. అది నన్ను మింగితె, కడుపు నిండి పంటది. అప్పుడు పట్టుకోమను."

నేను స్టూలు మీదనే భోరుమన్న. నా వెనక విమలక్క గూడ ముక్కు చీదింది.

ఎంత చెప్పినా వినలె. ఆఖరుకు స్వప్ననే బాల్కనీలకెళ్లి దిగి, మెయిన్ డోర్ గడియ తీసింది. నన్ను లోపలికి తీస్కపోయి, బాత్రూం తలుపు కాడ కూసోవెట్టింది. మంచం కింద, బీరువ వెనక, అన్ని దిక్కుల రాడ్డు కొట్టి సప్పుడు చేసి, "అమ్మా, నేను పాములు పట్టేదాన్ని. మొత్తం చూసిన. ఏం లేదు" అని చెప్తె, అప్పుడు గడి తీసింది అత్తమ్మ. బాల్చీ తిరగేసి దాని మీద నిలబడి ఉంది. చేతిల బట్టలుతికే బ్రష్.

పట్టుకున్న. ఆమె గూడ పట్టుకుంది. తర్వాత తల మీద ఒక్కటి ఇచ్చింది, ఠప్పున, బ్రష్ తోనే. "పొద్దుగాల అడిగితె అడ్డం జరుగు అంటివి గద!"

కొట్టిచ్చుకోవాల్సిందే. కొట్టిచ్చుకున్న.

ఇగ మా ఆయన సగం దారిలకెళ్లి విమలక్క ఫోన్‌కు చేసి, సంగతి విని, "నేను దాని పక్కన పడుకున్నట్టు గూడ చెప్పినవా?" అని పెట్టేసిండు. ఇంట్ల ఛాయ్ పెట్టిన. పెద్ద గిన్నెల. వెంకటేశం సార్, విమలక్క, స్వప్న, అందరు మా హాల్ల కూసున్నరు. మెల్లగ నవ్వులు మొదలైనయ్. నాకు గూడ ఊపిరి తిరిగొచ్చింది. పోనీ, ఎవరికి ఏం కాలె, గండం గడిచిందనుకున్న.

ఛాయ్ తాగుకుంట స్వప్న అడిగింది. "ఇంతకు ఆ కొండచిలువను జర చూపియ్యుండ్రి మేడం. దాని కోసం ఇంత దూరం వచ్చిన, చూడకుంట పోతె ఎట్ల?"

ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి, ఫొటో తీసి ఇచ్చిన. నిజం చెప్తె జర గర్వంగనే ఇచ్చిన. మూడు దినాల కష్టం గద.

ఆమె ఫొటో పెద్దగ చేసింది. చిన్నగ చేసింది. ఫోన్ అడ్డం తిప్పింది. నవ్వు పోయింది.

"ఈ మచ్చలు దేన్ని చూసి వేసిండ్రు మేడం?"

"నెట్‌ల ఫొటో చూసి. ఎందుకు?"

"గొలుసు లెక్క మూడు వరుసల గుండ్రటి మచ్చలు. తల మూడు మూలలు. మెడ సన్నగ." కప్పు కింద పెట్టింది. "ఇది కొండచిలువ కాదు మేడం. రక్తపింజర. మస్తు మంది ఇట్లనే మోసపోతరు. కొండచిలువే గదా, విషం లేదు గదా అని దగ్గరికి పోతరు. ఇది కాటేస్తె దవాఖానకు ఉరకాల్సిందే."

నేను ఫొటో దిక్కు చూసుకుంట కూసున్న.

మా అత్తమ్మ చదివింది రెండో తరగతి. ఛాయ్ ఊదుకుంట, ఆలోచించి, మెల్లగ అడిగింది.

"అయితె బిడ్డా, అది ‘క’ కాదు గద... ‘ర’ గదనే?"

బిల్డింగ్ ఖాళీ చేయించిన, సరె. కుక్కర్లు మాడగొట్టిన, సరె. ప్రాణమసుంటి అత్తను బాల్చీ మీద నిలబెట్టిన, అదీ సరె. పదమూడేండ్ల సంది తెలుగు టీచర్ని... కనీసం అక్షరమన్న కరెక్టుగ ఉండొద్దా!